చెరువుకట్టపై దాగిన తపాలాపెట్టె



మన పెండ్లిండ్లలో నొక ముచ్చట కలదు. నీళ్ళు పోసిన బిందెలో నుంగరమును వైచి వధూవరులచేత వెదకింతురు. ఆ యుంగరము ఇంటివారిదే. ఎవరికి దొరకినను ఇంటిలోనే యుండును. అయినను పందిటిలోని పిన్నలు పెద్దలు మెడలు నిక్కించి చూచెదరు. వెదకుటలోని యానందము దొరకు వస్తువు వెలనుబట్టి యుండదని మనకందఱకు తెలిసిన విషయమే.

ఆ యుంగరమును బిందెలో గాక యొక చెట్లగుంపులోనో చెరువుకట్ట చెంతనో దాచినచో నెట్లుండును? దాచినవారు కానరాక, వారు వ్రాసియుంచిన నాలుగు గుర్తులు మాత్రమే మన చేతికి వచ్చినచో నెట్లుండును? ఇట్టి యాట యొకటి లోకమున నూటడెబ్బది యేండ్లకు పైగా సాగుచున్నది. ఆంగ్లమున దీనిని లెటర్‌బాక్సింగు అందురు. మనము పెట్టె వెదకులాట యనుకొందము. ఈ యాట పుట్టుపూర్వోత్తరములను, దానిని మా జహీరాబాదు ప్రాంతమున నొక చెరువుకట్టపై మా యింటివార మాడిచూచిన విధమును మీకు మనవి చేయదలచితిని.

ఆట పుట్టిన చోటు

ఇంగ్లాండు దేశమునకు నైరుతిమూలను డెవన్ అను మండలము కలదు. అందలి డార్ట్‌మూర్ విశాలమైన యెత్తునేల. అచ్చట చెట్లు తక్కువ. గడ్డి, బురదనేలలు మెండు. గుట్టల తలలపై నెవరో పేర్చిపెట్టినట్లు పెద్దపెద్ద గ్రానైటు బండలుండును. పొగమంచు క్రమ్మినచో పది యడుగుల దూరమున నున్నది కానరాదు. కానన్ డాయల్ 1901–02 సంవత్సరములలో ప్రకటించిన షెర్లాక్ హోమ్సు నవలలో వేటకుక్క తిరుగాడునది ఈ బయలులోనే.

ఆ బయలు ప్రక్కనున్న చాగ్‌ఫర్డు గ్రామమున జేమ్స్ పెరట్ అను నొక దారిచూపరి యుండెను. పైయూళ్ళనుండి వచ్చినవారిని వెంటబెట్టుకొని త్రిప్పి చూపుట యాతని వృత్తి. బయలు నడుమ క్రాన్‌మియర్ మడుగు అను చోటు కలదు. ఆ కాలమున నచ్చటికి బాట లేదు; బురదలో కాళ్ళీడ్చుకొనుచు పోవలసినదే. 1854వ సంవత్సరమున పెరట్ అచ్చట రాళ్ళకుప్పలో నొక సీసా నుంచెను. అంత శ్రమపడి చేరినవారు తమ పేరుగల చీటిని దానిలో వేసి పోవచ్చును. ఆట కిదియే మొదలు.

కొంతకాలమునకు జనులు తమ విలాసమునే వ్రాసిన కార్డులను ఆ పెట్టెలో వేయసాగిరి. తరువాత వచ్చిన బాటసారి వానిని తీసికొని తన యూరిలోని తపాలాపెట్టెలో వేయవలెను. ఆ కార్డు ఇల్లు చేరుటకు రెండు దినములు పట్టునో, రెండు నెలలు పట్టునో చెప్పజాలము. అచ్చట బంట్రోతు లేడు, తాళము లేదు. ముఖమెఱుగని యొకరి మర్యాదను నమ్మియే ఆ కార్డును వేయవలసియుండెను. దాచిన పెట్టెకు తపాలాపెట్టె యను పేరు ఇందువలననే నిలిచినది.

అదే 1854లో అక్టోబరు 1వ తేదీన భారతదేశమంతటను చెల్లు తపాలాబిళ్ళలు మొదటిసారి అమ్మకమునకు వచ్చినవి. మా జహీరాబాదు ఆ కాలమున నిజాముగారి రాజ్యములోనిది. ఆ రాజ్యమునకు వేఱుగా తపాలా యుండెను. 1869 నుండి సొంత బిళ్ళలును వెలువడెను. ఒకచోట ప్రభుత్వము వారు బిళ్ళలతో, బంట్రోతులతో జాబులను నడుపుచుండగా, మఱొకచోట నొక పల్లెటూరి దారిచూపరి కేవలము నమ్మకముతో నొక చిన్న తపాలాను నడిపెను.

సీసా పోయి రేకుపెట్టె వచ్చినది. 1905లో అచ్చట సందర్శకులు పేర్లు వ్రాయుటకు పుస్తకము నుంచిరి. 1937లో పెట్టెకు రాతిగూడు కట్టిరి. మడుగులో నేడు నీరు నిలువదు గాని, పెట్టెకొఱకు పోవువారు మాత్రము తగ్గలేదు. డార్ట్‌మూర్ దారులనుగూర్చి 1909లో గొప్ప గ్రంథము వ్రాసిన విలియమ్ క్రాసింగు గారి జ్ఞాపకార్థము 1938లో మఱొకచోట నట్టి పెట్టెనే యుంచిరి. బయళ్ళలో నడచి బ్రదికినవానికి బయలులో నొక పెట్టెకంటె తగిన స్మారకమేమున్నది!

ఆడు విధము

నేడు డార్ట్‌మూర్‌లో వేలకొలది పెట్టెలు దాగియున్నవి. ప్రతి పెట్టెలోను ఒక చిన్న పుస్తకము, ఒక రబ్బరు ముద్ర యుండును. వెదకువారు తమ పుస్తకమును, తమ సొంత ముద్రను, సిరాదిండును వెంట తీసికొనిపోవుదురు. పెట్టె దొరకగానే అందలి ముద్రను తమ పుస్తకమున వేసికొందురు. తమ ముద్రను పెట్టెలోని పుస్తకమున వేయుదురు. పిమ్మట పెట్టెను మునుపటివలెనే మూసి, మునుపటి చోటనే దాచి, ఏమియు నెఱుగనట్లు మరలి వచ్చెదరు. అందుండి తీసికొనుట కేమియు లేదు. నూరు పెట్టెలు కనుగొన్నవారికి అచ్చట నొక సంఘమే కలదు.

1998లో నొక అమెరికా మాసపత్రిక ఈ యాటనుగూర్చి వ్యాసము ప్రకటించినది. పిదప అమెరికాలోను అడవిదారులను, సరస్సుల గట్టులను పట్టి పెట్టెలు వెలసెను. అచ్చటివారు ముద్రలను అంగడిలో కొనక తామే చెక్కుకొనుటకు మక్కువ చూపుదురు. 2000వ సంవత్సరము మే 3వ తేదీన నొక యమెరికా పౌరుడు ఆరెగన్ రాష్ట్రపు చెట్లలో నొక బాల్చీని దాచి, ఆకాశమున తిరుగు ఉపగ్రహములు చూపు అంకెలను గుర్తుగా ప్రకటించెను. ఈ క్రొత్తరకపు టాట నేడు మన దేశమునను కలదు. దానికి ఫోను కావలెను. పాతదానికి కన్నులు, కాళ్ళు, కొంచెము బుద్ధియు చాలును. నేను చెప్పునది పాతదానినిగూర్చియే.

మా యింటి ముచ్చట

మా జహీరాబాదు సంగారెడ్డి జిల్లాలో కర్ణాటక సరిహద్దున నున్నది. 1956 వఱకు బీదరు జిల్లాలోనిదై, పిదప మెదకు జిల్లాలో చేరి, 2016 నుండి సంగారెడ్డి జిల్లాలో నున్నది. ఎఱ్ఱనేలలు, చెఱకుతోటలు, అల్లము, బంగాళాదుంప పంటలు ఇచ్చటి సొమ్ము. తెలంగాణములోని తక్కిన యూళ్ళవలెనే ఇచ్చటి పల్లెలకును చెరువులున్నవి. చెరువుకట్ట యనిన మా కేటికొకసారి బతుకమ్మ. ఆ సాయంకాలము ఆడువారమందఱము పూలు పేర్చుకొని కట్టకు పోయి, ఆడి, పాడి, నీట విడిచి వచ్చెదము. తక్కిన మూడువందల యఱువదినాలుగు దినములు ఆ కట్ట మాది కానట్లే యుందుము.

కిందటి కార్తికమున బంధువులతో వనభోజనమునకు పోవలెనని నిశ్చయించుకొంటిమి. రెండుదినములు ముందుగా నేనును మా మఱదియు పోయి యొక పెట్టెను దాచి వచ్చితిమి. ఏ యూరి చెరువో చెప్పను. చెప్పినచో నింక దాచుటేల? ఊరిపెద్దలకు మాత్రము ముందుగా చెప్పి యుంటిమి. నాడు వేకువనే పండ్రెండేండ్ల మా యమ్మాయి చేతిలో నీ చీటి నుంచితిని:

“కట్టపై కొలువున్న తల్లికి మ్రొక్కి, ఉదయించు సూర్యునికి వీపు చూపి నిలువుము. నీటిని కుడిచేతివైపున నుంచుకొని నడువుము. పొలమునకు దప్పి యైనప్పుడు మాత్రమే నోరు తెఱచువాని కడ ఆగుము. అచ్చటనుండి నైరుతిగా కట్ట దిగి నలువది యడుగులు పొమ్ము. చేతులనుండి కాళ్ళు దింపుకొని నిలిచిన ముసలివాని నడుగుము.”

మా యత్తగారు చీటి సంగతి విని మొగము చిట్లించిరి. “ఆడిపిల్లకు కట్టమీద ఏం పని? మొన్న బతుకమ్మకు పోతిమి గద, సాలదా?” అనిరి. నేను మాఱుపలుకలేదు. పిల్ల మాత్రము ఆమె ప్రక్కన చేరి, “నానమ్మా, పొలానికి దప్పి అయితే నోరు తెరిచేది ఏంది? నాకు తెలుస్తలేదు” అని యడిగినది.

“ఇంకేంది, తూము” అనిరామె చేతిలోని పని మానకయే.

“తూము అంటే?”

ఆమె పని నిలిపివేసిరి. చెరువు నీటితో పండిన యన్నము తిని పెరిగిన పిల్లకు తూమనిన నేమో తెలియదాయెను! ఆమె మొగమున కోపము పోయి మఱొకటి తోచినది. “నా చిన్నప్పుడు మా నాయినతోటి పోయి తూము తెరుస్తుంటే చూసేదాన్ని. నీళ్లు బుసబుస పొర్లుకుంట కాలువల పడేటివి. తూము తెల్వదా నీకు? నడువు, చూపిస్త” అని చెప్పులు తొడుగుకొనిరి. నేను వ్రాసిన చీటికంటె నా యొక్క ప్రశ్నయే మా యత్తగారిని గడప దాటించినది.

కట్టపైనున్న మైసమ్మగుడికడ మ్రొక్కి అందఱమును బయలుదేరితిమి. వానలు వెనుకబట్టిన దినములు. చెరువు నిండుగా నుండెను. కట్టపొడుగున వేపలు, కానుగులు, సీతాఫలపు పొదలు దట్టముగా నుండి దారి చల్లగా నుండెను. అత్తగారు నడచుచు నడచుచు తంగేడు ఎచ్చట పూచునో, గునుగు ఎచ్చట మొలచునో చేతితో చూపిరి. “అప్పట్ల బతుకమ్మ పూలన్ని ఈడనే ఏరుకునేటోళ్లం. ఇప్పుడు బజార్ల కొంటున్నరు” అనిరి. నేనా యింటి కోడలినై పదునాలుగేండ్లయినది. ఈ మాట ఆమె నోట నెన్నడును వినలేదు. వినుటకు తగిన చోటికి మేము కలిసి పోయినదెన్నడు?

తూము దొరకినది. అమ్మాయి ఎండను చూచి నైరుతి పట్టి, గట్టిగా లెక్కించుచు నలువది యడుగులు నడచినది. అచ్చట గడ్డి తప్ప నేమియు లేదు. మఱల తూముకడకు పోయి మఱల నడచినది, మఱల గడ్డియే. కన్నుల నీరు తిరుగుచుండెను. చెప్పివేయుదునా యని నా నోటిదాక వచ్చినది. అంతలో నత్తగారు, “అడుగులు ఎవరివే పిల్లా? రాసింది మీ అమ్మ. మీ అమ్మను నడిపియ్యి” అనిరి. నన్ను నడిపించిరి. నా నలువదవ యడుగు మఱ్ఱి నీడలో పడినది. కొమ్మలనుండి యూడలు నేలకు దింపుకొని నిలిచిన యా ముసలిమఱ్ఱి మొదట, మూడు రాళ్ళ చాటున, మా పచ్చడి సీసా నవ్వుచుండెను.

పుస్తకమున నమ్మాయి తన ముద్ర వేసినది. నానమ్మను కూడ పేరు వ్రాయుమనినది. మా యత్తగారికి చదువు రాదు. ఆమె కలము పుచ్చుకొని క్షణ మాలోచించి, నాలుగు చుక్కలు పెట్టి వాని చుట్టు నొక మెలిక త్రిప్పిరి. అది ప్రతిదినము తెల్లవాఱుజామున మా గడపముందు ఆమె వేయు ముగ్గు. ఇంటికి వచ్చిన పిదప అమ్మాయి ఆ ముగ్గునే రబ్బరుపై చెక్కి నానమ్మకు ముద్ర చేసియిచ్చినది. ఆమె దానిని వక్కలసంచిలో దాచుకొన్నారు.

మూడువారములకు మఱల పోయి చూచితిమి. సీసా అచ్చటనే యుండెను. పుస్తకమున మేమెఱుగని చేతివ్రాతతో రెండే మాటలుండెను: “చూసిన. పెట్టిన.” మేకలు కాచుకొను పిల్లవాడెవడో కాబోలు. దొరకినదానిని దొరకినచోటనే మఱల నుంచిన ఆ ముఖమెఱుగని బిడ్డకు అత్తగారు అక్కడనే చేతులెత్తి దీవెన లిచ్చిరి.

మీరును చేయుడు

దీనికి వలయు సామగ్రి యెల్ల మీ యింటనే యున్నది. మూత గట్టిగా పట్టు సీసా యొకటి, చిన్న పుస్తకము, పెన్సిలు, సిరాదిండు చాలును. పెన్సిలే మేలు, తడి తగిలినచో కలపు వ్రాత చెదరును. ముద్రకు మొదట బంగాళాదుంపను సగముగా కోసి చెక్కి చూడుడు. బెండకాయను అడ్డముగా కోసినచో చెక్కకయే పువ్వు వచ్చును. ఇవి యాదినమునకే పనికివచ్చును. నిలువవలెననిన పిల్లలు తుడుచుకొను రబ్బరుపై సన్నని చాకుతో చెక్కవలెను. అక్షరములు చెక్కినచో అద్దమున కనబడునట్లు త్రిప్పి చెక్కుడు; లేనిచో ముద్రలో ఎడమకుడులు తాఱుమాఱగును. చాకుపని పెద్దలు దగ్గఱనుండి చేయింపవలెను.

దిక్కులు తెలియవని భయపడకుడు. వంటయిల్లు ఆగ్నేయమున, నుయ్యి ఈశాన్యమున నుండవలెనని చెప్పుకొను మన యిండ్లలో ఎనిమిది దిక్కులు తెలియని యిల్లాలున్నదా? ఉదయమున సూర్యునికి ఎదురుగా నిలిచినచో వీపు పడమర, ఎడమచేయి ఉత్తరము, కుడిచేయి దక్షిణము. అయితే సూర్యుడు కార్తికమున సరిగా తూర్పున గాక కొంత ఆగ్నేయమునకు జరిగి యుదయించునని పిల్లలకు చెప్పుడు. గుర్తులు వ్రాయునప్పుడు మాఱని వస్తువులను పట్టుకొనుడు: తూము, అలుగు, బండ, పెద్దచెట్టు. నేడున్న కుప్ప రేపుండదు. అడుగు లెవరివో చీటిలోనే తెలుపుడు. మా తప్పు మీకు వలదు.

కొన్ని జాగ్రత్తలు తప్పక పాటింపవలెను. కన్నములలోను రాళ్ళ క్రిందను చేయి పెట్టరాదు. పాములు తేళ్ళు నుండును. కఱ్ఱతో కదలించి చూచిన పిదపనే ముట్టవలెను. నీటి యంచున పెట్టె దాచకుడు. తూముకడ, అలుగుకడ నేల జారును, లోతు తెలియదు. మా జిల్లాలోని మంజీరలో మొసళ్ళును కలవు. మంజీర వన్యప్రాణుల శరణ్యమువంటి చోట్ల 1972 నాటి చట్టము ననుసరించి అనుమతి లేక ప్రవేశింపరాదు. అట్టిచోట పెట్టెల మాట తలపెట్టనే వలదు. గుడిగోడలు, కోటగోడలు, సమాధులు ముట్టరాదు. డార్ట్‌మూర్ వారును పురాతన కట్టడములలో పెట్టెలు దాచరాదని నియమము పెట్టుకొనిరి. నేల త్రవ్వకుడు, కొమ్మ విఱువకుడు.

పెట్టెలో తినుబండారము లుంచినచో చీమలకు, కోతులకు విందగును. రేకుడబ్బా వలదు. లోపలిది కనబడు సీసాయే వాడి, “ఇది పిల్లల యాట; చూచి మఱల నుంచుడు” అని పైన వ్రాయుడు. దిక్కులేని డబ్బాను చూచి జనులు భయపడు కాలమిది. పుస్తకమున పిల్లల పూర్తిపేరు, విలాసము, ఫోను అంకెలు వ్రాయింపకుడు. ముద్రయు తేదియు చాలును. పిల్లలను ఒంటరిగా పంపకుడు. పగటివేళ ముగ్గురు నలుగురు కలిసి, ఇంటిలో చెప్పి పోవలెను.

ఇన్ని జాగ్రత్తలు చెప్పి, ఆడపిల్లను ఇంటనే యుంచుట మేలుగదా యని కొంద రనవచ్చును. మా యత్తగారును మొదట నట్లే యనిరి. కాని యోచింపుడు. తన యూరి కట్ట యెటువంపు తిరుగునో, నీరెటు పాఱునో, ఏ చెట్టు ఏ దిక్కున నున్నదో యెఱుగని పిల్ల ఆపద వేళ ఏ దారి పట్టును? దారి తెలిసినదానికి భయము తక్కువ. పెద్దల చేయి పట్టుకొని నేర్చినచో నది క్షేమముగా నేర్చిన విద్యయగును. తూమను మాటయే తెలియని పిల్లకు ఆ తూము పూడిపోయినను, చెరువు కబ్జాయైనను ఏమి నొప్పి కలుగును?

ఈ కార్తికమున వనభోజనమునకు పోవునప్పుడు అన్నపు గిన్నెలతోపాటు ఒక ఖాళీ సీసాను కూడ వెంట తీసికొనిపొండు. ఇంటిలోని పెద్దావిడను తప్పక పిలువుడు. మొదట రాననును. ఒక్క ప్రశ్న యడిగి చూడుడు.